ఇంట్లో అందరికీ ఒకటే ల్యాప్‌టాప్: బ్రౌజర్ మారిస్తే సరిపోతుందా?

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఓ పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 32. భర్త, అత్తమామలు, ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్న మరిది, అందరూ కలిసే ఉంటారు. బీకామ్ చదివిన ఆమె ఇంటి దగ్గరే ఉండి, ఊళ్లో షాపుల వాళ్లకు జీఎస్టీ రిటర్నులు వేసిపెడుతుంటారు. పెళ్లయి ఐదేళ్లయినా పిల్లలు కలగకపోవడంతో ఈ మధ్య ఐవీఎఫ్ గురించి తెలుసుకోవడం మొదలుపెట్టారు. ఈ సంగతి భర్తకు తెలుసు. అత్తమామలకు మాత్రం ఏదో ఒక నిర్ణయానికి వచ్చాక చెబుదామని భార్యాభర్తలు అనుకున్నారు.

ఇంట్లో ఉన్నది ఒకటే విండోస్ ల్యాప్‌టాప్. కొన్న రోజున మరిదే క్రోమ్ వేసి, అన్నయ్య జీమెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చాడు. అదే జీమెయిల్ హాల్లోని టీవీలోనూ, అత్తగారి ఫోన్లోనూ ఉంది. కిందటి నెలలో వరసగా మూడు జరిగాయి. టీవీలో యూట్యూబ్ తెరవగానే ఐవీఎఫ్ డాక్టర్ల వీడియోలు వచ్చాయి. అత్తగారు ఫోన్లో ఏదో టైప్ చేయబోతే అడ్రస్ బార్ కింద ఒక ఫెర్టిలిటీ సెంటర్ పేరు కనబడింది. మరిది ల్యాప్‌టాప్‌లో క్రికెట్ స్కోరు చూస్తుంటే పక్కన అదే సెంటర్ ప్రకటన. “ఎవరూ ఏమీ అనలేదు. కానీ అత్తగారు ‘ఒంట్లో బాగానే ఉంటోందా అమ్మా’ అని అడిగిన తీరులోనే నాకు అర్థమైపోయింది” అని రాశారు.

ఇక సలహాలు మొదలయ్యాయి. మరిది “క్రోమ్ మన డేటా మొత్తం లాగేస్తుంది వదినా” అని లిబ్రెవుల్ఫ్ అనే ఇంకో బ్రౌజర్ వేశాడు. భర్త ఇన్‌కాగ్నిటో చాలన్నారు. స్నేహితురాలు బ్రేవ్ బ్రౌజర్ వాడమంది. టోర్ బ్రౌజర్ అన్నవాళ్లూ ఉన్నారు. ఈమె తనంతట తాను క్రోమ్‌లో ఒక ఉచిత వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) కూడా వేసుకున్నారు. లిబ్రెవుల్ఫ్‌లో తెరిచినప్పుడల్లా మళ్లీ ఓటీపీ అడిగేది, కొన్ని సైట్లలో టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి చూపించేది. చివరికి ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిటర్నుకు డీఎస్‌సీ, అంటే డిజిటల్ సంతకం పడక గడువైన 20వ తేదీ దాటిపోయి, క్లయింటుకు లేటు ఫీజు పడింది. “ఎన్ని చదివినా ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. ఏ బ్రౌజర్ పెట్టుకోమంటారు? అన్నట్టు, క్లయింట్ల యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు నలభై దాకా క్రోమ్‌లోనే సేవ్ చేశాను. కొత్త బ్రౌజర్‌లోకి అవి వస్తాయా?” అని ముగించారు.

మీరు చెప్పిన మూడు సంఘటనలూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి గానీ, మొదటి రెండింటికి కారణం ఒకటి, మూడోదానికి కారణం వేరు. అది విడదీస్తేనే మీకు వచ్చిన సలహాల్లో ఏది దేనికి పనికొస్తుందో తెలుస్తుంది.

టీవీలో వీడియోలు రావడం, అత్తగారి ఫోన్లో సెంటర్ పేరు కనబడటం ప్రకటనల కంపెనీల పని కాదు. ఒకే గూగుల్ అకౌంట్ మూడు చోట్ల ఉండటం వల్ల జరిగినవి. ల్యాప్‌టాప్‌లో మీరు చూసిన వీడియోలు ఆ అకౌంట్ యూట్యూబ్ హిస్టరీలో చేరతాయి. టీవీ ఆ హిస్టరీని బట్టే సిఫార్సులు చూపిస్తుంది. క్రోమ్‌లో సింక్ ఆన్‌లో ఉంటే, మీరు తెరిచిన సైట్ల పేర్లు అదే అకౌంట్‌తో క్రోమ్ వాడే ప్రతి ఫోన్‌కూ వెళతాయి. ఇంటిల్లిపాది పద్దులూ ఒకే చిట్టాలో రాస్తున్నారు, ఆ చిట్టా ఎవరు తెరిచినా అందరి పద్దులూ కనబడుతున్నాయి. లిబ్రెవుల్ఫ్ వేసుకుని అందులోనూ మీవారి జీమెయిల్‌తోనే యూట్యూబ్ తెరిస్తే, ఆ వీడియోలు మళ్లీ టీవీలో ప్రత్యక్షమవుతాయి. ఇక్కడ బ్రౌజర్ మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మరిదికి కనబడిన ప్రకటన వేరే సంగతి. ఆ సెంటర్ సైటులో ప్రకటనల కంపెనీల కోడ్ ఉంటుంది. మీరు సైటు తెరిచినప్పుడు ఆ కోడ్ ల్యాప్‌టాప్‌లో ఒక కుకీ, అంటే గుర్తింపు చీటీ లాంటి చిన్న ఫైలు, వదులుతుంది. క్రికెట్ స్కోరు సైటులోనూ అదే కంపెనీ కోడ్ ఉంటే, “ఈ బ్రౌజరే కదా నిన్న అక్కడికి వచ్చింది” అని గుర్తుపట్టి ప్రకటన చూపిస్తుంది. దానికి తెలిసేది బ్రౌజర్ ఒక్కటే. అవతల కూర్చున్నది వదినా, మరిదా అన్నది దానికి పట్టదు. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు. క్రోమ్‌లో వీటిని తీసేస్తామని గూగుల్ చాలా ఏళ్లు చెప్పి, 2024 జులైలో ఆ ఆలోచన విరమించుకుంది. అంటే క్రోమ్‌లో మనంతట మనం ఆపితే తప్ప అవి నడుస్తూనే ఉంటాయి. బ్రౌజర్ మారిస్తే తేడా తెలిసేది ఇక్కడ.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది మాత్రం మీరు ఉత్తరం చివర “అన్నట్టు” అని రాసిన విషయం. నలభై మంది క్లయింట్ల పాస్‌వర్డ్‌లు మీవారి గూగుల్ అకౌంట్‌లో ఉన్నాయి. అంటే అత్తగారి ఫోన్ లాక్ తెలిసిన ఎవరైనా గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి వాటిని చూడగలరు. ఆ ఫోన్ బస్సులో పోయినా, రిపేరు షాపులో లాక్ తీసి ఇచ్చినా అంతే. దానికి తోడు ఉచిత వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ ఉంది. అలాంటివి వేసేటప్పుడు “అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడానికి, మార్చడానికి” అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి ఇచ్చాక మీరు జీఎస్టీ పోర్టల్‌లో టైప్ చేసే పాస్‌వర్డ్‌ను కూడా అది చదవగలదు. అది చదివిందని నేను అనడం లేదు, చదవగలిగే చోట కూర్చుందంటున్నాను. మంచి కంపెనీల ఎక్స్‌టెన్షన్లకే ప్రమాదం జరిగిన సందర్భాలున్నాయి. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఉద్యోగి ఒకరిని మోసపు మెయిల్‌తో బోల్తా కొట్టించి, ఆ సంస్థ క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌కే దొంగ అప్‌డేట్ పంపారు. వాడుతున్నవాళ్లకు తెలియకుండానే అది వాళ్ల బ్రౌజర్లలోకి చేరిపోయింది.

కాబట్టి ఆ వీపీఎన్‌ను ఈ రోజే తీసేయండి. మీ అవసరానికి అసలు వీపీఎన్ అక్కరలేదు. అది మీరు వెళ్లే సైట్ల పేర్లు జియో, ఎయిర్‌టెల్ లాంటి ఇంటర్నెట్ కంపెనీకి తెలియకుండా దాచి, వాటిని వీపీఎన్ కంపెనీ చేతిలో పెడుతుంది. మన దేశంలో నడిచే వీపీఎన్ సంస్థలు వినియోగదారుల వివరాలు ఐదేళ్లు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది కూడా. మీ ఇబ్బంది ఇంట్లోవాళ్లతోనూ, ప్రకటనల కంపెనీలతోనూ. ఆ రెండిటికీ వీపీఎన్ మందు కాదు. తీసేశాక ముందు మీ బ్యాంకు పాస్‌వర్డ్, తర్వాత ఆ ఎక్స్‌టెన్షన్ ఉన్న రోజుల్లో లాగిన్ అయిన క్లయింట్ల జీఎస్టీ పాస్‌వర్డ్‌లు మార్చండి. ఈ నెల రిటర్ను వేయడానికి ఎలాగూ ఒక్కొక్కరిదీ తెరుస్తారు కదా, అప్పుడే మార్చేస్తే విడిగా పని ఉండదు.

తర్వాతి పని ల్యాప్‌టాప్‌లో మీకంటూ విడిగా ఒక విండోస్ అకౌంట్. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్ నొక్కండి. మెయిల్ ఐడీ అడిగితే, ఈ వ్యక్తి సైన్ ఇన్ వివరాలు నా దగ్గర లేవు అనే వరస నొక్కి, తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ను చేర్చు అన్నది ఎంచుకోండి. పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. ఇక్కడ చాలామంది వదిలేసే ఒక మెలిక ఉంది. ఇప్పుడున్న అకౌంట్ అడ్మినిస్ట్రేటర్‌ది. అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నవాళ్లు కావాలంటే మిగతావాళ్ల ఫోల్డర్లు తెరవగలరు. ల్యాప్‌టాప్‌ను ఎక్కువగా వాడేది మీరే, క్లయింట్ల బాధ్యత కూడా మీదే కాబట్టి, ఛేంజ్ అకౌంట్ టైప్‌లో మిమ్మల్ని అడ్మినిస్ట్రేటర్ చేసి, ఇంట్లోవాళ్లు వాడే పాత అకౌంట్‌ను స్టాండర్డ్ యూజర్‌గా మార్చడం మేలు. అలా చేస్తే మరిది కొత్త సాఫ్ట్‌వేర్లు చాలావరకు మీ పాస్‌వర్డ్ లేనిదే వేయలేడు. అది అతనికి కాస్త విసుగు కలిగించొచ్చు. మీకు అది కూడా ఒక రక్షణే. లేచి వెళ్లేటప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే స్క్రీన్ లాక్ అవుతుంది.

క్రోమ్‌లోనే మీకో ప్రొఫైల్ పెట్టుకుంటే చాలదా అని మీకు అనిపించొచ్చు. ప్రొఫైల్ వేస్తే సింక్ వేరవుతుంది గానీ, దానికి తాళం ఉండదు. పాత విండోస్ అకౌంట్‌లో కూర్చున్న ఎవరైనా పైన బొమ్మ నొక్కి మీ ప్రొఫైల్‌లోకి రావచ్చు.

“ఇప్పుడెందుకు ఇదంతా, ఏం దాస్తున్నావు” అని ఇంట్లో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్న బెంగ మీ ఉత్తరం అంతటా కనబడింది. క్లయింట్ల పాస్‌వర్డ్‌లు, సేల్స్ లెక్కలు నా దగ్గరున్నాయి, పని కోసం విడిగా పెట్టుకుంటున్నాను అని చెప్పండి. అది సాకు కాదు, అక్షరాలా నిజం. అకౌంట్ మీవారిది కాబట్టి, దాన్లోంచి హిస్టరీ తీసే ముందు మాత్రం ఆయనకు చెప్పండి. ఆయన విషయం తెలిసినవారే, ఆ పని ఆయన చేతే చేయిస్తే ఇంకా మంచిది.

ఆయన చేయాల్సినవి ఇవి. గూగుల్ అకౌంట్‌లో మై యాక్టివిటీ తెరిచి, పైన ఉన్న వెతికే పెట్టెలో ఆ సెంటర్ పేరు, ఐవీఎఫ్ అనే మాట కొట్టి వచ్చినవి డిలీట్ చేయాలి. మొత్తం తుడిచేస్తే ఆయనకు కావాల్సినవి కూడా పోతాయి. యూట్యూబ్ హిస్టరీ అక్కడే విడిగా ఉంటుంది, టీవీ మళ్లీ మామూలు కావాలంటే అది తీయాలి. క్రోమ్ హిస్టరీలోనూ అవే పేర్లు వెతికి తీస్తే, సింక్ ద్వారా అత్తగారి ఫోన్లోనూ పోతాయి. మై యాడ్ సెంటర్‌లో సెన్సిటివ్ అనే విభాగం ఉంది. అందులో గర్భం, పిల్లల పెంపకానికి సంబంధించిన ప్రకటనలకు ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని ఆపేయాలి. అలా ఆపితే తగ్గుతాయి. పూర్తిగా పోతాయని గూగులే హామీ ఇవ్వదు.

పాస్‌వర్డ్‌ల విషయంలో మాత్రం వరస తప్పకూడదు. క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక సీఎస్‌వీ ఫైలు వస్తుంది. అందులో పాస్‌వర్డ్‌లన్నీ నోట్‌ప్యాడ్‌లో రాసినట్టు బాహాటంగా కనబడతాయి. మీవారివి కూడా అందులో ఉంటాయి, ఆ వరసలు తీసేయండి. ఫైలును వాట్సాప్‌లోనో మెయిల్లోనో పంపుకోవద్దు. పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచొద్దు. కొత్త చోటికి ఎక్కించి, నాలుగైదు లాగిన్లు సరిచూసుకున్నాక, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి, అప్పుడు రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. ఆ తర్వాతే మీవారి అకౌంట్‌లోంచి క్లయింట్ల ఎంట్రీలు తీసేయండి. సరిచూసుకోకుండా ముందే తీసేస్తే, సింక్ వల్ల అన్ని చోట్లా పోతాయి.

కొత్త చోటు ఏది అంటే, నలభై మందివి కాబట్టి బ్రౌజర్‌లో కాకుండా బిట్‌వార్డెన్ లాంటి విడి పాస్‌వర్డ్ మేనేజర్ మంచిదని నా అభిప్రాయం. ఉచిత ఖాతాలోనే ఎన్నైనా దాచుకోవచ్చు, రేపు ఏ బ్రౌజర్‌కు మారినా అవి వెంట వస్తాయి. మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం కంపెనీ కూడా తెరవలేదు. ఒక కాగితం మీద రాసి బీరువాలో నగల దగ్గర పెట్టండి, తప్పేమీ లేదు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. ముందు లిబ్రెవుల్ఫ్ సంగతి చెబుతాను, ఎందుకంటే అది చేతకాక పాడుచేశానని మీరు మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారు. మీరేమీ పాడుచేయలేదు. అది ఫైర్‌ఫాక్స్‌నే తీసుకుని గట్టిగా బిగించిన బ్రౌజర్. మూసినప్పుడల్లా కుకీలు తుడిచేస్తుంది, అందుకే ప్రతిసారీ లాగిన్, ఓటీపీ. మీ కంప్యూటర్‌ను మిగతావాటి నుంచి వేరుగా గుర్తుపట్టకుండా, టైమ్ జోన్‌ను యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని చెబుతుంది, అందుకే ఐదున్నర గంటల తేడా. ఓటీటీ సినిమాలకు కావాల్సిన డీఆర్ఎం (కాపీ కాకుండా కాపాడే) భాగం మొదట ఆపేసి ఉంటుంది. ఇవన్నీ కావాలని చేసినవే.

డీఎస్‌సీ ఎందుకు పడలేదన్నది కాస్త వివరంగా తెలుసుకోవాలి, ఏ బ్రౌజర్‌కు వెళ్లినా మీకు ఇదే పని పడుతుంది కాబట్టి. పోర్టల్ పేజీ నేరుగా మీ డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్‌ను ముట్టుకోలేదు. మీ కంప్యూటర్లోనే ఎమ్‌సైనర్ అనే చిన్న ప్రోగ్రాం నడుస్తూ ఉంటుంది. పేజీ దానితో మాట్లాడి సంతకం తెప్పించుకుంటుంది. అంటే ఇంటర్నెట్‌లోని ఒక సైటు మీ కంప్యూటర్ లోపలి ప్రోగ్రాంను పలకరిస్తోందన్నమాట. దొంగ సైట్లు కూడా ఇదే దారిలో లోపలికి తొంగిచూస్తాయి కాబట్టి, భద్రత పట్టించుకునే బ్రౌజర్లు దీన్ని అనుమానంగా చూస్తాయి. పైగా ఫైర్‌ఫాక్స్ కుటుంబపు బ్రౌజర్లు ఏ సర్టిఫికెట్‌ను నమ్మాలో తమ సొంత జాబితా పెట్టుకుంటాయి. ఎమ్‌సైనర్ విండోస్‌లో పెట్టుకున్న సర్టిఫికెట్‌ను అవి ఒప్పుకోకపోతే మాట తెగిపోతుంది. బ్రేవ్ కూడా ఇలాంటి పలకరింపులను అడ్డుకుంటుంది. ఇటీవలి క్రోమ్, ఎడ్జ్‌లలో సైతం “లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలను చూడొచ్చా” అని చిన్న పెట్టె వస్తోంది. హడావుడిలో బ్లాక్ నొక్కితే ఆ తర్వాత సంతకం పడదు. అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి, ఆ అనుమతిని మళ్లీ అలో చేయాలి. షాపుల వాళ్ల రిటర్నులు ఓటీపీతో, అంటే ఈవీసీతో వేయొచ్చు గానీ, కంపెనీలకు డీఎస్‌సీ తప్పదు. కాబట్టి పని కోసం ఈ దారి తెరిచి ఉన్న బ్రౌజర్ ఒకటి మీ దగ్గర ఉండి తీరాలి.

అందుకే మీ విషయంలో నాకు నచ్చిన ఏర్పాటు రెండు బ్రౌజర్లది. పనికి ఎడ్జ్, సొంతానికి ఫైర్‌ఫాక్స్. ఎడ్జ్ విండోస్‌తోనే వస్తుంది, 2020 నుంచి అది క్రోమ్‌కు కూడా పునాది అయిన క్రోమియం మీదే నడుస్తోంది కాబట్టి ప్రభుత్వ పోర్టళ్లు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. అందులో జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్, బ్యాంకు తప్ప ఇంకేమీ తెరవొద్దు. బిట్‌వార్డెన్ తప్ప ఏ ఎక్స్‌టెన్షనూ వద్దు. వార్తలు, వంటలు, వైద్యం, యూట్యూబ్ అన్నీ ఫైర్‌ఫాక్స్‌లో. ఇలా విడదీస్తే ప్రకటనల కుకీ పని బ్రౌజర్ దాకా రాదు, ఒక సైటు చెడగొట్టినా క్లయింట్ల లాగిన్లు దానికి అందవు. మీ కొత్త విండోస్ అకౌంట్‌లో ఇవి రెండూ కొత్తగా మొదలవుతాయి కాబట్టి పాతవేవీ అంటుకోవు.

ఫైర్‌ఫాక్స్ ఎందుకంటే, 2022 నుంచి ఒక్కో సైటు కుకీలను ఒక్కో విడి డబ్బాలో ఉంచడం అందులో మామూలు ఏర్పాటైంది. ఫెర్టిలిటీ సెంటర్ సైటులో పడిన కుకీ క్రికెట్ సైటులో చదవడానికి దొరకదు. రెండో కారణం ప్రకటనలను, ట్రాకర్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్. ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చి, 2025 కల్లా క్రోమ్ దాన్ని వాడకుండా చేసేసింది. అక్కడ మిగిలింది దాని లైట్ రూపమే. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి రూపం ఇంకా నడుస్తుంది. మూడోది, క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ మూడూ క్రోమియం మీద కట్టినవే, దాని పగ్గాలు గూగుల్ చేతిలో ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ ఇంజన్ వేరు.

దాని లోపాలు కూడా తెలిసే ఎంచుకోండి. దాన్ని తయారుచేసే మొజిల్లాకు ఎక్కువ ఆదాయం గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు గూగుల్ ఇచ్చే డబ్బే. 2024లో ప్రకటనల కొలతకు సంబంధించిన ఒక స్విచ్‌ను వాడేవాళ్లను అడక్కుండానే ఆన్ చేసి పెట్టారు. 2025 ఫిబ్రవరిలో కొత్త షరతుల్లో వాడిన మాటలు మన సమాచారం మీద హక్కు తీసుకుంటున్నట్టు ధ్వనించడంతో పెద్ద గొడవై, వాటిని తిరగరాశారు. కాబట్టి అప్‌డేట్ అయినప్పుడు సెట్టింగ్స్‌లో ప్రైవసీ పేజీ ఒకసారి చూసే అలవాటు మంచిది.

వేసుకున్నాక మార్చాల్సినవి కొన్నే. మెనూ పేర్లు వెర్షన్‌ను బట్టి కాస్త మారుతుంటాయి, సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో కొడితే దొరుకుతాయి. ట్రాకింగ్ రక్షణను స్టాండర్డ్ నుంచి స్ట్రిక్ట్‌కు మార్చండి. ఏదైనా సైటు సరిగా తెరుచుకోకపోతే అడ్రస్ పక్కనున్న డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకు ఆపేయొచ్చు. హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్ అన్ని విండోలకూ పెట్టండి. డేటా సేకరణ విభాగంలో టెక్నికల్ డేటా పంపడం, స్టడీస్ రెండూ టిక్కు తీసేయండి. సెర్చ్ విభాగంలో సజెషన్స్ ఆపేయండి, లేకపోతే మీరు కొట్టే ఒక్కో అక్షరమూ సెర్చ్ కంపెనీకి వెళుతుంది. డిఫాల్ట్ సెర్చ్‌గా డక్‌డక్‌గో పెట్టి చూడండి. తెలుగులో వెతికినప్పుడు ఫలితాలు తృప్తినివ్వకపోతే ఆ ఒక్కసారికి గూగుల్‌లో వెతకండి, లాగిన్ కాకుండా. యూబ్లాక్ ఆరిజిన్ వేసేటప్పుడు పేరు పూర్తిగా చూడండి, తయారుచేసింది రేమండ్ హిల్ అని ఉండాలి. దగ్గరి పేర్లతో వేరేవి ఉన్నాయి. అది ఒక్కటి చాలు. ఇంకో నాలుగు ప్రైవసీ ఎక్స్‌టెన్షన్లు కలిపితే రక్షణ పెరగదు, పైగా మీ బ్రౌజర్ నలుగురిలో ప్రత్యేకంగా కనబడి గుర్తుపట్టడం తేలికవుతుంది. యూట్యూబ్ లాగిన్ కాకుండా చూడండి. లాగిన్ కావాల్సిందే అనుకుంటే మీ పేరుతో కొత్త జీమెయిల్ తెరవండి, దాన్ని టీవీలో మాత్రం పెట్టొద్దు.

రెండు బ్రౌజర్లు నిభాయించడం కష్టమనిపిస్తే, బ్రేవ్ ఒక్కటే వాడటం రెండో దారి. ఎక్స్‌టెన్షన్ ఏదీ వేయకుండానే ట్రాకర్లను, ప్రకటనలను ఆపుతుంది. క్రోమ్ అలవాటున్న చేతికి కొత్తగా ఉండదు. ఎటొచ్చీ క్రిప్టో వాలెట్, రివార్డ్స్, ఏఐ లాంటివి దాంతోపాటే వస్తాయి. వాటిని మీరే కూర్చుని ఒక్కొక్కటీ దాచాలి. 2020లో ఒక క్రిప్టో సైటు అడ్రస్ టైప్ చేసినవాళ్లకు, బ్రేవ్ తన కమిషన్ కోడ్ కలిపి చూపిస్తోందని బయటపడి, సంస్థ అధిపతి క్షమాపణ చెప్పారు. జీఎస్టీ పోర్టల్‌లో సంతకం పడకపోతే సింహం బొమ్మ నొక్కి ఆ సైటుకు షీల్డ్స్ ఆపి, లోకల్ అనుమతి ఇచ్చి చూడాలి. పని, సొంతం ఒకే చోట కలిసిపోవడం ఈ దారిలో అసలైన నష్టం.

మూడోది, ఏమీ మార్చకుండా మీ కొత్త విండోస్ అకౌంట్‌లో క్రోమ్‌నే వాడటం. సెట్టింగ్స్‌లో యూ అండ్ గూగుల్ కింద అలో క్రోమ్ సైన్ ఇన్ ఆపేస్తే, జీమెయిల్ తెరిచినా బ్రౌజర్ ఆ అకౌంట్‌కు అతుక్కోదు. థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చేయండి. యాడ్ ప్రైవసీ అనే విభాగం కనబడితే అందులోనివన్నీ ఆపండి. మీవారి జీమెయిల్‌తో యూట్యూబ్ తెరవకుండా ఉంటే టీవీ, అత్తగారి ఫోన్ సమస్యలు దీంతోనే తీరిపోతాయి. ప్రకటనల కంపెనీల నుంచి రక్షణ మాత్రం మిగతా రెండు దారులకన్నా తక్కువ. మీకు ఇప్పుడు ఓపిక లేకపోతే దీనితో మొదలుపెట్టి, తర్వాత ఫైర్‌ఫాక్స్‌కు వెళ్లినా నష్టం లేదు.

లిబ్రెవుల్ఫ్‌నే ఉంచుకుంటానంటే సొంత పనులకు ఉంచుకోండి. దాని సెట్టింగ్స్‌లో రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్ టిక్కు తీస్తే టైమ్ సరవుతుంది. కుకీల దగ్గర మినహాయింపుల్లో మీకు కావాల్సిన రెండు మూడు సైట్లు చేర్చుకుంటే ప్రతిసారీ లాగిన్ తప్పుతుంది. వేసేటప్పుడు అప్‌డేటర్‌ను కూడా కలిపి వేశాడో లేదో మరిదిని అడగండి. అది లేకపోతే తనంతట తాను అప్‌డేట్ కాదు. పాతబడిన బ్రౌజర్ ఎంత బిగించినదైనా క్రోమ్‌కన్నా ప్రమాదం. టోర్ మీకు వద్దు. తానెవరో సైటుకే తెలియకూడదనుకునేవాళ్ల కోసం తయారైంది అది. మీ పేరుతో బ్యాంకులో లాగిన్ అయ్యాక దాని ప్రయోజనమే పోతుంది, పైగా ఏదో దేశం నుంచి వస్తున్నట్టు కనబడి బ్యాంకు ఆపేస్తుంది.

మీవారు చెప్పిన ఇన్‌కాగ్నిటో పనికిరానిదేమీ కాదు. మూసేయగానే హిస్టరీ, కుకీలు పోతాయి కాబట్టి, అకౌంట్లు వేరు చేసేలోపు ఈ వారం రోజులకు అదే వాడండి. అందులో గూగుల్ లాగిన్ అయితే మాత్రం ఆ వెతుకులాట మళ్లీ అకౌంట్‌లో చేరుతుంది. డౌన్‌లోడ్ చేసిన రిపోర్టులు ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. సైట్లకు, ఇంటర్నెట్ కంపెనీకి మీరు కనబడుతూనే ఉంటారు. ఇన్‌కాగ్నిటోలోనూ సమాచారం సేకరించారంటూ అమెరికాలో 2020లో వేసిన దావాలో, కోట్లాది రికార్డులు తీసేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది.

ఫోన్ గురించి మీరు అడగలేదు గానీ, మీరు వెతికేది సగం అక్కడే అయి ఉంటుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ నడుస్తుంది, అది వేసుకోండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, యాడ్స్ కింద అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయండి. నెలసరి లెక్కలు, ఆసుపత్రుల యాప్‌లు దించుకునే బదులు వాళ్ల సైటును బ్రౌజర్‌లోనే చూడండి. యాప్‌కు దొరికే సమాచారం బ్రౌజర్ ఆపగలిగేదానికన్నా చాలా ఎక్కువ.

ఆ సెంటర్ల సైట్లలో “ఉచిత కన్సల్టేషన్” అంటూ పేరు, ఫోన్ నంబరు అడిగే ఫారాలు ఉంటాయి. అక్కడ నంబరు ఇచ్చాక ఏ బ్రౌజర్ చేయగలిగేది ఏమీ లేదు. ఆ నంబరుకు వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్లు వస్తూనే ఉంటాయి, అవి ఎవరి ఎదుట మోగుతాయో మన చేతిలో ఉండదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఆ నంబరు తీసేయమని వాళ్లకు ఒక మెయిల్ రాయండి, వాట్సాప్‌లో బ్లాక్ చేయండి. ఇకముందు సెంటర్ ఎంచుకున్నాక నేరుగా వాళ్ల రిసెప్షన్‌కు మీరే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఏ వేళల్లో ఫోన్ చేయొచ్చో, రిపోర్టులు ఏ మెయిల్‌కు పంపాలో అప్పుడే చెప్పేయండి. ఆ మెయిల్ మీ కొత్తది అయి ఉండాలి.

వీపీఎన్ తీసేయడం, పాస్‌వర్డ్‌ల తరలింపు ఆగకుండా చేయండి. మిగతా మార్పులు 20వ తేదీ దాటాక, 21 నుంచి మొదలుపెట్టండి. తర్వాతి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) గడువు వచ్చేలోపు ఎడ్జ్‌లో ఎమ్‌సైనర్ పలుకుతోందో లేదో, ఒక రోజు ఆ కంపెనీ లాగిన్‌తోనే డీఎస్‌సీ పేజీ తెరిచి చూసుకోండి.